కనీస వేతనాల పెంపు – చిన్న వ్యాపారాలు (దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్)

కనీస వేతనం అనగా ఒక పనికి యజమాని విధిగా చెల్లించవలసిన, చట్టం ద్వారా నిర్ణయింపబడిన అతి తక్కువ ప్రతిఫలం. దీనిని పెంచినప్పుడు పెద్ద కర్మాగారాల కంటె నలుగురైదుగురు పనివారితో నడిచే చిన్న దుకాణాలు, హోటళ్ళు, మెస్‌లు ఎక్కువగా ప్రభావితమవుతాయని ఒక వాదన ఉన్నది. పెరిగిన వేతనం తిరిగి అదే వీధిలో ఖర్చు అవుతుంది కనుక చిన్న వ్యాపారికి లాభమేనని మరొక వాదన. హైదరాబాదు తూర్పు భాగంలోని దిల్‌సుఖ్‌నగర్ మరియు ఎల్.బి.నగర్ ప్రాంతాలు ఈ రెండు వాదనలనూ పరిశీలించడానికి అనువైనవి. వేలాది చిన్న వ్యాపారాలు, వాటిలో తక్కువ జీతానికి పనిచేసేవారు, వాటి మీదనే ఆధారపడిన విద్యార్థులు ఇక్కడ ఒకే రహదారి వెంబడి కనిపిస్తారు.

ప్రాంతం

మలక్‌పేట దాటిన తరువాత దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్.బి.నగర్ వరకు సాగే మార్గం విజయవాడ వైపు వెళ్ళే జాతీయ రహదారిలో భాగం. పూర్వం 9వ నెంబరు జాతీయ రహదారిగా పిలువబడిన ఈ మార్గం ప్రస్తుతం 65వ నెంబరుతో ఉన్నది. ఎల్.బి.నగర్ పూర్తి పేరు లాల్ బహదూర్ నగర్. విజయవాడ, నాగార్జునసాగర్, ఉప్పల్ దిక్కులకు పోయే దారులు ఇక్కడ చీలుతాయి. గతంలో ప్రత్యేక పురపాలక సంఘంగా ఉన్న ఎల్.బి.నగర్ 2007 ఏప్రిల్‌లో ఏర్పడిన గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో విలీనమైనది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట – ఎల్.బి.నగర్ మెట్రో రైలు మార్గం ప్రారంభమైనది.

దిల్‌సుఖ్‌నగర్ శిక్షణా కేంద్రాలకు ప్రసిద్ధి. కంప్యూటరు కోర్సులకు, ఉద్యోగ పోటీ పరీక్షలకు నల్గొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ తదితర జిల్లాల నుండి వచ్చే విద్యార్థులు ఇక్కడి హాస్టళ్ళలో ఉంటారు. వీరిని ఆధారం చేసుకుని మెస్‌లు, టిఫిన్ సెంటర్లు, కర్రీ పాయింట్లు, జిరాక్స్ సెంటర్లు, పుస్తకాల దుకాణాలు, సెల్‌ఫోన్ రిపేరు షాపులు ఏర్పడినవి. రహదారికి ఇరువైపుల బట్టల, బంగారు నగల దుకాణాలు కలవు. కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు 2021లో బాటసింగారానికి తరలించబడే వరకు ఎందరో హమాలీలకు, చిన్న వర్తకులకు జీవనాధారంగా ఉండేది.

చట్ట నేపథ్యం

కనీస వేతన విధానం మొదట న్యూజీలాండ్‌లో 1894లో, ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో 1896లో రూపుదిద్దుకున్నది. భారతదేశంలో కనీస వేతనాల చట్టం 1948 మార్చి 15న అమలులోనికి వచ్చినది. ఈ చట్టం అన్ని పనులకు వర్తించేది కాదు. షెడ్యూలులో చేర్చిన ఉపాధులకు మాత్రమే ప్రభుత్వం వేతనం నిర్ణయించేది. దుకాణాలు, వాణిజ్య సంస్థలు, హోటళ్ళు తెలుగు ప్రాంతపు షెడ్యూలులో ఉన్నవే. వేతనాలను ఐదు సంవత్సరాలకు మించకుండా సమీక్షించాలని చట్టం చెప్పినది.

వేతనం ఎంత ఉండాలనే విషయంలో 1957లో జరిగిన 15వ భారత కార్మిక సదస్సు కొన్ని ప్రమాణాలు సూచించినది. సంపాదించే వ్యక్తిపై ఆధారపడిన కుటుంబాన్ని మూడు వినియోగ యూనిట్లుగా లెక్కించాలి. ఒక్కొక్క యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీల ఆహారం, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వీటికి తోడు వంటచెరకు, దీపం వంటి ఇతర ఖర్చులకు మొత్తంలో 20 శాతం ఉండాలి. 1991లో రెప్టాకోస్ బ్రెట్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు పిల్లల చదువు, వైద్యం, పండుగలు, వృద్ధాప్యం, వివాహాలు మొదలైన వాటి కొరకు మరొక 25 శాతం కూడా లెక్కలోనికి రావాలని పేర్కొన్నది.

పార్లమెంటు 2019లో ఆమోదించిన వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. 1948 చట్టంతో పాటు వేతన చెల్లింపు, బోనస్, సమాన పారితోషికానికి చెందిన చట్టాలు ఇందులో కలిసిపోయినవి. దీని ప్రకారం కనీస వేతనం షెడ్యూలుతో నిమిత్తం లేకుండా అన్ని ఉపాధులకు వర్తిస్తుంది. కేంద్ర ప్రభుత్వం ఒక కనిష్ఠ స్థాయి వేతనాన్ని నిర్ణయిస్తుంది. రాష్ట్రాలు అంతకంటె తక్కువ వేతనాన్ని నిర్ణయించరాదు.

తెలంగాణలో వేతన నిర్ణయం

రాష్ట్రంలో కనీస వేతనం రెండు భాగాలుగా ఉంటూ వచ్చినది. మొదటిది మూల వేతనం. రెండవది కరువు భత్యం, అనగా వీడీఏ. పారిశ్రామిక కార్మికుల వినియోగదారుల ధరల సూచీని అనుసరించి కరువు భత్యాన్ని ఏటా ఏప్రిల్ 1న, అక్టోబరు 1న సవరిస్తారు. పనివారి నైపుణ్యాన్ని బట్టి, సంస్థ ఉన్న ప్రాంతాన్ని బట్టి రేట్లు మారుతాయి.

ఈ విభజన చిన్న వ్యాపారికి ముఖ్యమైనది. కరువు భత్యం వలన వచ్చే పెంపు ఆరు నెలలకొకసారి కొద్ది కొద్దిగా వస్తుంది కనుక సర్దుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. మూల వేతన సవరణ అట్లు కాదు. అది ఎన్నేళ్ళు ఆలస్యమైతే అంత పెద్ద మొత్తంగా ఒకేసారి మీద పడుతుంది. 2014లో తెలంగాణ ఏర్పడిన తరువాత దశాబ్ద కాలంలో పెక్కు ఉపాధులలో మూల వేతన సవరణ జరుగలేదు. 2021 జూన్‌లో ఐదు ఉపాధులకు ఉత్తర్వులు వెలువడినప్పటికీ అవి గెజిట్‌లో ప్రచురితం కానందున అమలుకు నోచుకోలేదు. ఈ వివాదం రాష్ట్ర హైకోర్టు వరకు వెళ్ళినది. ఇట్టి జాప్యం వలన కార్మికునికి ప్రతి నెలా నష్టం కలుగుతుంది. యజమానికి కలిగే మేలు తాత్కాలికమే, ఎందుకనగా చివరకు వచ్చే సవరణ అతనికి భరింపరానిదిగా తోస్తుంది.

చెల్లించే స్తోమత ప్రశ్న

"మాది చిన్న వ్యాపారం, అంత ఇచ్చుకోలేము" అనే వాదన న్యాయస్థానాల ముందుకు చాలా కాలం క్రిందటనే వచ్చినది. 1954లో బిజయ్ కాటన్ మిల్స్ కేసులోను, 1961లో ఉనిచోయి కేసులోను సుప్రీంకోర్టు ఈ వాదనను అంగీకరించలేదు. కనీస వేతనం విషయంలో యజమాని ఆర్థిక స్తోమత లెక్కలోనికి రాదని న్యాయస్థానం భావించినది. 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కార్మికులకు సంబంధించిన కేసులో, కనీస వేతనం కంటె తక్కువకు పని చేయించుకొనుట రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమ క్రిందికి వస్తుందని తీర్పు వెలువడినది. కనుక చట్టరీత్యా చిన్న వ్యాపారికి ప్రత్యేక మినహాయింపు లేదు. అతనికి మిగిలిన ప్రశ్న, పెరిగిన ఖర్చును ఎట్లు సర్దుకోవాలన్నదే.

ఎవరిపై ఎంత ప్రభావం

అన్ని చిన్న వ్యాపారాలనూ ఒకే గాటన కట్టరాదు. 2013-14లో జరిగిన ఆరవ ఆర్థిక గణన ప్రకారం దేశంలో సుమారు 5.85 కోట్ల వ్యాపార, ఉత్పత్తి సంస్థలలో 13 కోట్లకు పైగా జనులు పనిచేయుచుండిరి. ఇందులో దాదాపు 72 శాతం సంస్థలు జీతగాండ్రు లేకుండా యజమాని, కుటుంబ సభ్యులే నడుపుకొనునవి. భార్యాభర్తలు నడుపుకొనే కిరాణా కొట్టుకు, తోపుడు బండికి కనీస వేతనం పెంపు వలన నేరుగా ఖర్చు పెరుగదు. జీతగాండ్రున్న పోటీ దుకాణం ధరలు పెంచినచో వీరికి కొంత గిరాకీ కలిసివచ్చే అవకాశం కూడా ఉన్నది.

జీతగాండ్రున్న సంస్థలలో ప్రభావం మూడు విషయాలపై ఆధారపడుతుంది.

1. ఖర్చులో జీతాల వాటా: కిరాణా, మందుల దుకాణాలలో సరుకు కొనుగోలుకే అధిక భాగం పోతుంది. హోటలు, టైలరు దుకాణం, సెలూన్‌లలో మనిషి శ్రమే ప్రధానం కనుక జీతాల వాటా ఎక్కువ.

2. ఇప్పుడిస్తున్న జీతం: వంట మాస్టరుకు, అనుభవమున్న టైలరుకు బజారు రేటే కనీస వేతనం కంటె ఎక్కువ. సవరణ వలన వీరి జీతం వెంటనే మారదు. గిన్నెలు కడిగేవారు, సప్లయర్లు, బట్టల దుకాణాలలో చేరే కొత్త అమ్మాయిలు, హాస్టళ్ళలో ఊడ్చేవారు కనీస వేతనానికి దగ్గరగా గాని, దిగువన గాని ఉంటారు. అడుగున ఉన్నవారి జీతం పెరిగినప్పుడు పైవారు కూడా తారతమ్యం నిలపాలని అడుగుతారు.

3. ధర పెంచగల శక్తి: ఇంటి నుండి నెలకు ఇంత అని డబ్బు తెచ్చుకునే విద్యార్థి పది రూపాయల తేడాకు కూడా పక్క సందులోని మెస్‌కు మారగలడు. అయితే వేతన సవరణ ఒక్క దుకాణానికే గాక అందరికీ వర్తిస్తే, అందరి ధరలూ కొంత పెరుగుతాయి కనుక ఎవరి గిరాకీ అంతగా తగ్గదు. చట్టాన్ని కొందరే పాటించినప్పుడు మాత్రం పాటించినవాడు నష్టపోతాడు.

ఒక లెక్క

విషయాన్ని సులభంగా గ్రహించుటకు ఒక ఊహాజనితమైన టిఫిన్ సెంటరును తీసుకుందాము. ప్లేటు 40 రూపాయల చొప్పున నెలకు 7,500 ప్లేట్లు అమ్ముతుందనుకుంటే అమ్మకం 3,00,000 రూపాయలు. సరుకులకు, గ్యాసుకు 1,50,000, అద్దెకు 40,000, కరెంటు తదితరాలకు 20,000, ఐదుగురు పనివారికి 12,000 చొప్పున 60,000 పోగా యజమానికి 30,000 మిగులుతుంది.

జీతాలు 10 శాతం పెరిగితే ఖర్చు 6,000 రూపాయలు అధికమవుతుంది. ఇది అమ్మకంలో 2 శాతం మాత్రమే. కాని మొత్తం భారం యజమాని భరించినచో అతని మిగులు 24,000కు, అనగా ఐదింట ఒక వంతు తగ్గుతుంది. బయటి నుండి చూచేవారికి స్వల్పంగా కనిపించే పెంపు యజమానికి భారంగా ఎందుకు తోస్తుందో దీనివలన తెలుస్తుంది.

ఈ 6,000 రాబట్టుటకు ప్లేటుకు 80 పైసలు పెంచితే చాలును. కాని చిల్లర సమస్య వలన ఎవరూ 80 పైసలు పెంచరు. కొంతకాలం ఓర్చుకుని ఒకేసారి 5 రూపాయలు పెంచుతారు. ప్లేటు 45 రూపాయలైనప్పుడు సరుకుల ఖర్చు 20 పోగా ప్లేటుకు 25 మిగులుతుంది. అప్పుడు నెలకు 6,240 ప్లేట్లు అమ్మినా పాత మిగులు దక్కుతుంది. అనగా సుమారు 17 శాతం గిరాకీ తగ్గే వరకు యజమానికి నష్టం లేదు. "జీతాలు పెరిగాయి కనుక ధర పెంచాము" అనే బోర్డు వెనుక జీతాల పెంపు కంటె ఎక్కువ మొత్తం ఉండే వీలు కూడా ఉన్నదని ఈ లెక్క తెలుపుతుంది. అద్దె, వంటనూనె, గ్యాసు ధరల పెరుగుదల కూడా సాధారణంగా అదే 5 రూపాయలలో ఇమిడి ఉంటుంది.

యజమాని ముందున్న మార్గాలు

ధర పెంచుట ఒక్కటే మార్గం కాదు. ప్లేటులో పరిమాణం తగ్గించుట, బల్ల వద్దకు తెచ్చి ఇచ్చుటకు బదులు టోకెన్ పద్ధతి పెట్టుట, గ్రైండరు వంటి యంత్రాలు కొనుట, గిరాకీ లేని మధ్యాహ్న సమయంలో మూసివేయుట, ఇంటివారిని కౌంటరులో కూర్చుండబెట్టుట, మానివేసిన పనివాని స్థానంలో మరొకరిని తీసుకొనకుండుట సాధారణంగా అనుసరించేవి. జీతం మెరుగైనప్పుడు పనివారు తరచుగా మానివేయరు. కొత్తవారిని వెదకుట, నేర్పుట, అడ్వాన్సు ఇచ్చి పోగొట్టుకొనుట వంటి నష్టాలు తగ్గుతాయి. ఈ లాభం ఖాతా పుస్తకంలో కనిపించదు.

కొన్ని మార్గాలు చట్ట విరుద్ధమైనవి. పని గంటలు పెంచుట వీటిలో ముఖ్యమైనది. దుకాణాల చట్టం ప్రకారం దుకాణంలో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు సాధారణ పరిమితి. అంతకు మించిన పనికి రెట్టింపు రేటు ఇవ్వవలెను. పన్నెండు గంటలు నిలబడి పనిచేసే మనిషికి 8 గంటల వేతనం, అదనపు 4 గంటలకు మరొక 8 గంటల వేతనం, వెరసి రెండు రోజుల వేతనం రావాలి. కనీస వేతనం ఇస్తున్నామని చెప్పే దుకాణం రోజుకు 12 గంటలు పని చేయించుకుంటే, నిజానికి అతనికి రావలసిన దానిలో సగమే ఇస్తున్నట్లు.

హోటళ్ళలో, హాస్టళ్ళలో భోజనం, బస జీతంలో భాగంగా చూపే అలవాటు ఉన్నది. వేతనాల కోడ్ నిర్వచనం ప్రకారం వస్తు రూపంలో ఇచ్చే దాని విలువలో, మొత్తం వేతనంలో 15 శాతం మించని భాగమే వేతనంగా పరిగణింపబడుతుంది. కావున "తిండి, గది మాదే" అనే కారణంతో జీతాన్ని సగానికి తగ్గించుట చెల్లదు.

మరొక మార్గం సంస్థను చిన్నదిగా చూపుట. 10 మంది పనివారుంటే ఈఎస్‌ఐ, 20 మంది ఉంటే భవిష్యనిధి వర్తిస్తాయి. అందువలన తొమ్మిదవ మనిషి వద్దనే ఆగిపోవుట, లేక ఒకే దుకాణాన్ని కుటుంబ సభ్యుల పేర్లపై రెండుగా చూపుట జరుగుతుంది. ఇందువలన ఖర్చు తగ్గినప్పటికీ వ్యాపారం ఎదుగుదల ఆగుతుంది. పనివారికి వైద్య రక్షణ దక్కదు.

గిరాకీపై ప్రభావం

తక్కువ జీతగాండ్రు తమ ఆదాయంలో అధిక భాగాన్ని నిత్యావసరాలపై, తాము నివసించే చోటనే ఖర్చు చేస్తారు. బట్టల షోరూములో పనిచేసే అమ్మాయి జీతం పెరిగితే ఆ డబ్బు కొత్తపేట కూరగాయల బండికి, సరూర్‌నగర్ రైతు బజారుకు, పిల్లల ఫీజుకు, ఇంటి అద్దెకు చేరుతుంది. అయితే పెంపు భారం మోసే దుకాణం, గిరాకీ లాభం పొందే దుకాణం ఒకటే కానక్కరలేదు. పెరిగిన ఆదాయాన్ని ఇంటి అద్దెలే మింగివేస్తే వీధి వ్యాపారికి మిగిలేది స్వల్పం. దిల్‌సుఖ్‌నగర్ వంటి చోట్ల గిరాకీ ముఖ్యంగా విద్యార్థుల సంఖ్యపై ఆధారపడుతుంది. 2020లో లాక్‌డౌన్ విధించినప్పుడు శిక్షణా కేంద్రాలు, హాస్టళ్ళు మూతపడి వాటిపై ఆధారపడిన మెస్‌లు గిరాకీ కోల్పోయినవి. ఇక్కడి చిన్న వ్యాపార మనుగడను నిర్ణయించేది జీతాల రేటు ఒక్కటే కాదని ఆ అనుభవం తెలిపినది.

పరిశోధనలు

కనీస వేతనం పెరిగితే ఉద్యోగాలు తగ్గుతాయని ఆర్థిక శాస్త్రవేత్తలు చాలాకాలం భావించేవారు. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం 1992 ఏప్రిల్‌లో గంట వేతనాన్ని 4.25 డాలర్ల నుండి 5.05 డాలర్లకు పెంచినది. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు ఆ రాష్ట్రంలోను, పొరుగున ఉన్న పెన్సిల్వేనియాలోను 410 ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలను పరిశీలించి, ఉద్యోగాలు తగ్గలేదని 1994లో ప్రకటించారు. డేవిడ్ న్యూమార్క్, విలియం వాషర్ 2000లో వేరొక సమాచారంతో దీనిని ఖండించారు. కార్డ్‌కు 2021లో నోబెల్ బహుమతి లభించినది.

హంగేరీలో 2001లో జరిగిన పెద్ద పెంపును పరిశీలించిన హరస్టోసి, లిండ్నర్ అనువారు భారంలో సుమారు నాలుగింట మూడు వంతులు ధరల రూపంలో వినియోగదారులపై, మిగిలినది యజమానులపై పడినదని 2019లో తేల్చారు. జర్మనీలో 2015లో 8.50 యూరోల కనీస వేతనం ప్రవేశపెట్టిన తరువాత కార్మికులు కొందరు చిన్న, తక్కువ ఉత్పాదకత గల సంస్థల నుండి పెద్ద సంస్థలకు మారినట్లు ఒక అధ్యయనం తెలిపినది. మొత్తం ఉద్యోగాలు తగ్గకపోయినా చిన్న దుకాణం మూతపడవచ్చునని దీనివలన తెలుస్తున్నది.

ఈ ఫలితాలను హైదరాబాదుకు యథాతథంగా అన్వయించరాదు. ఆ దేశాలలో చట్టం చాలావరకు అమలవుతుంది. ఇక్కడ జీతాల చీటీ లేని ఉద్యోగాలే ఎక్కువ. అయితే ఒక సూత్రం ఇక్కడ కూడా వర్తిస్తుంది. పనివానికి వేరొక చోటికి పోయే అవకాశం తక్కువైనప్పుడు యజమాని అతని శ్రమ విలువ కంటె తక్కువ జీతం ఇవ్వగలడు. అడ్వాన్సు తీసుకుని వంటగదిలోనే నిద్రించే ఒడిషా, బీహారు వలస కార్మికుడు, ఇంటికి దగ్గరలోనే పనిచేయక తప్పని ఇల్లాలు ఇట్టి స్థితిలోని వారే. వీరి విషయంలో వేతనం కొంత పెరిగినా ఉద్యోగం పోవలసిన అవసరం లేదు.

అమలు

1948 చట్టం క్రింద తక్కువ వేతనమిచ్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు లేదా 500 రూపాయల వరకు జరిమానా ఉండేది. దశాబ్దాలు గడిచేకొద్దీ ఆ జరిమానా నామమాత్రమైనది. వేతనాల కోడ్ దీనిని 50,000 రూపాయల వరకు పెంచినది. ఐదేళ్ళలోగా అదే తప్పు మరల చేస్తే మూడు నెలల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చును. బకాయి కోరుటకు గడువు ఆరు నెలల నుండి మూడేళ్ళకు పెరిగినది. వేతనం చెల్లించినట్లు ఋజువు చేయవలసిన బాధ్యత యజమానిదే. కావున జీతాల రిజిస్టరు, వేతన చీటీ పనివానికే గాక చిన్న వ్యాపారికి కూడా రక్షణ.

మధ్యేమార్గాలు

కార్మిక సంఘాలు, వ్యాపారుల సంఘాలు పరస్పర విరుద్ధంగా వాదించినప్పటికీ కొన్ని అంశాలు ఇరువురికీ ఉపయోగకరమైనవి. మొదటిది, సవరణను ఏళ్ళ తరబడి ఆపి ఒకేసారి మోపుటకు బదులు గడువు ప్రకారం కొద్ది కొద్దిగా చేయుట. రెండవది, కొత్త రేట్లను తెలుగు, ఉర్దూ, హిందీ భాషలలో దుకాణాలకు ముందుగా తెలియజేయుట. మూడవది, ప్రధాన రహదారి మీది దుకాణాలతో పాటు సందులలోని సంస్థలలో కూడా సమానంగా అమలు చేయుట. నాలుగవది, చిన్న వ్యాపారికి తక్కువ వడ్డీకి రుణం లభించేటట్లు చూచుట.

దిల్‌సుఖ్‌నగర్‌లో నలభై రూపాయల టిఫిన్ నలభైకే దొరకాలని విద్యార్థి కోరుకుంటాడు. అద్దె కట్టి పదిమందికి పని కల్పించిన యజమాని తన మిగులు నిలవాలని కోరుకుంటాడు. తెల్లవారుజామున నాలుగు గంటలకు పిండి రుబ్బే మనిషి తన పిల్లలు బడికి పోవాలని కోరుకుంటాడు. వేతనం పెరగనప్పుడు ఆ ప్లేటు తక్కువ ధరకు కావలసిన మొత్తాన్ని ఈ మూడవ వ్యక్తి ఒక్కడే చెల్లిస్తున్నాడు. కనీస వేతనం పెంపు ఆ మొత్తాన్ని ముగ్గురి మధ్య పంచుతుంది. ఎవరి వాటా ఎంత అన్నది పెంపు పరిమాణం, దాని వేగం, అమలులో సమానత్వం అనే మూడింటిపై ఆధారపడి ఉంటుంది.